అన్ని జవాబులూ వినాలనుకున్న మనిషి

2004 నవంబరు, శనివారం సాయంత్రం. సీతాఫల్‌మండి, మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య, మా చెల్లెలు సుగుణ, సుగుణ కూతురు కెజియా, పక్కవాటాలో ఉండే అనసూయమ్మగారు, అతను.

ఆనాటి డైరీ పేజీ పైన ఇలా రాసుకున్నాను. అక్కడ అతని పేరు ఉంది. ఇక్కడ రాయను. అతని తల్లి బతికే ఉంది. ఆమెతో నాకు తగాదా లేదు.

కిందటి నెల అతను పోయాడు. యాభై కూడా నిండలేదట. అతనితో పనిచేసినవాళ్ళు జ్ఞాపకాల పుస్తకం ఒకటి వేస్తున్నారు. అందులో ఒకబ్బాయి నాకు ఫోన్ చేసి, "సార్, మా సార్ మీ గురించి చాలాసార్లు చెప్పేవారు. ఒక పెద్దాయన నా గేమ్‌లో తలుపు బయటే నిలబడిపోయాడని నవ్వేవారు. మీరు కూడా నాలుగు మంచి ముక్కలు రాసివ్వండి" అన్నాడు. రాస్తానన్నాను. నా దగ్గరున్న ముక్కలు ఇవి. వీటిలో మంచివి ఏరుకోవడం వాళ్ళ పని.

అతను మొదట గుర్తొచ్చేది మూతలతో. ఎవరింటికి వెళ్ళినా నేరుగా వంటింట్లోకి నడిచి గిన్నెల మీద మూతలు తీసి చూసేవాడు. తినడానికి కాదు. చూసి మళ్ళీ మూసేవాడు. మా ఇంట్లో నా భార్య మొహమాటంతో ఊరుకుంది. అనసూయమ్మగారికి ఆ మొహమాటం లేదు.

"ఏందయ్యా, నా వంటింట్ల నీకేం పని? ఆకలైతే అడుగు, పెడ్త. మూతలు తీసుడేంది?"

"అడిగితే మీరు పెట్టిందే తెలుస్తుంది ఆంటీ. తీస్తే ఉన్నదంతా తెలుస్తుంది."

ఈ జవాబు చాలా తెలివైనదని అతని నమ్మకం. చెప్పాక తల ఎడమవైపు కొంచెం వంచి, అవతలి మనిషి మొహం మీద ఏం కదులుతుందో చూస్తూ నిలబడేవాడు. ఆ తల వంచడం అతనికి ఊపిరి పీల్చుకోవడం లాంటిది. అది లేకుండా ఒక్క సంభాషణ కూడా నాకు గుర్తు లేదు.

ఒకసారి నా భార్య టీ తెచ్చి ఇచ్చింది. ఒక గుక్క తాగి, "టీ అస్సలు బాగాలేదాంటీ" అన్నాడు. ఆమె మొహం చిన్నబోయింది. అతను తల వంచి ఆ మొహాన్ని తీరిగ్గా చూశాడు. చూడటం అయ్యాక, "సరే, ఆ మాట కొట్టెయ్యండి. ఆంటీ, ఇంత మంచి టీ నేనెక్కడా తాగలేదు" అని రెండో మొహం కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. "తాగు నాయనా, చల్లారిపోతుంది" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అతనొచ్చిన రోజున టీ నేనే పెట్టేవాణ్ణి.

అతను మా కెజియా పనిచేసే కంపెనీలోనే, బేగంపేటలో, కంప్యూటర్ ఆటలకు కథలు రాసేవాడు. అప్పట్లో మా వీధిలో ప్రతి ఇంట్లోనూ సాఫ్ట్‌వేరు మాటే. కానీ ఆటలు తయారుచేయడం కూడా ఒక ఉద్యోగమేనని చాలామందికి నమ్మకం కుదరలేదు. వాళ్ళు చేసేవి రోల్‌ప్లే ఆటలు. ఆడేవాడు కథలో ఒక మనిషి అవుతాడు. ఊళ్ళు తిరుగుతాడు. ఎదురైనవాళ్ళతో మాట్లాడతాడు. ఎవరేమన్నా తెర మీద మూడు నాలుగు జవాబులు వస్తాయి. ఎలాంటి జవాబు నొక్కితే అలాంటి మనిషి అవుతాడు. దయగలవాడు కావచ్చు, పరమ దుర్మార్గుడూ కావచ్చు. ఆ జవాబులు రాయడం అతని పని. అవన్నీ సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడటం కెజియా పని. "మావయ్యా, నాకు జీతం ఇచ్చేది అన్ని పాపాలూ ఒక్కొక్కటే చేసి చూడ్డానికి" అనేది నవ్వుతూ. తండ్రి లేని పిల్ల. మా ఇంట్లోనే పెరిగింది.

ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, తను రాసిన ఆట చూపిస్తానని అతను నన్ను తన గదికి తీసుకెళ్ళాడు. కెజియా కూడా వచ్చింది.

"మీరు ఎలా బతుకుతారో అలాగే ఆడండంకుల్. ఏదైనా చెయ్యొచ్చు. పూర్తి స్వేచ్ఛ" అన్నాడు.

తెర మీద ఒక పల్లె. నా మనిషిని మీటలు నొక్కుతూ నడిపించి ఒక పూరింటి ముందు ఆపాను. ఆగాను.

"ఏమైందంకుల్?"

"లోపల ఎవరో ఉన్నారు."

"ఉన్నారు. ఒక ముసలమ్మ. పెట్టెలో ఆమె మందులున్నాయి. వెళ్ళండి."

"ఆమె రమ్మనలేదు కదా."

"రమ్మనదు. ఆ మాట నేను రాయలేదు."

"అయితే తలుపు కొట్టే మీట ఏది?"

"తలుపు కొట్టడం లేదంకుల్. తెరవడమే."

అతను కుర్చీ పట్టుకుని నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఇరవై ఏళ్ళపాటు తన కింద పనిచేసేవాళ్ళకు చెప్పి నవ్వించింది దీన్నే. నాకు ఇప్పటికీ నవ్వు రావడం లేదు. ఆ ఊళ్ళో ముసలమ్మ మందులు దొంగిలించే స్వేచ్ఛ ఉంది, ఆమె గొంతు నొక్కే స్వేచ్ఛ ఉంది. గుమ్మం బయట నిలబడి "అమ్మా" అని పిలిచే స్వేచ్ఛ లేదు. ఎంచుకునేది ఆడేవాడే కావచ్చు. ఎంచుకోవడానికి ఏమేం ఉండాలో నిర్ణయించింది అతను. అతనికి తలుపు కొట్టడమనేది తోచలేదు.

ఆ పల్లె దాటాక ఒక బావి. అందులో పడిపోయినవాడు రెండు చేతులా తాడు పట్టుకుని వేలాడుతూ తలెత్తి బతిమాలుతున్నాడు. పైకి లాగవచ్చు, ముందు డబ్బడగవచ్చు, తాడు కోసెయ్యవచ్చు. నేను లాగాను. అతను నా చేతి కింది మీటల పలక తన వైపు లాక్కుని, "ఇప్పుడు చూడండి" అంటూ కథను వెనక్కి తీసుకెళ్ళాడు. ఏదైనా ఎంచుకునే ముందు ఆ చోటును సేవ్ చేసి పెట్టుకుంటారట. తర్వాత నచ్చకపోతే మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చట. వెనక్కి వెళ్ళి తాడు కోశాడు. బావిలోంచి ఒక కేక వచ్చింది. మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. అదే మనిషి, అవే చేతులు, అదే మాటతో మమ్మల్నే బతిమాలుతున్నాడు.

"ఇందాక మనం చంపిన మనిషే కదయ్యా ఇతను" అన్నాను.

"ఎవరూ చావలేదంకుల్. ఎవరు నష్టపోయారు చెప్పండి?"

ఆ ప్రశ్న కూడా అతనికి అలవాటు. ఇంకో సంగతి కూడా గొప్పగా చెప్పాడు. ఆటలో చాలాచోట్ల మూడు జవాబులూ ఒకే కోట గుమ్మానికి తీసుకెళ్తాయట. ఆడేవాడికి మాత్రం అది తెలియకూడదట. తన దారి తనే ఎంచుకున్నానని మురిసిపోవాలట. "అదే నా పనితనం" అన్నాడు.

ఇంటికి నడుస్తూ నేను ఆటల్ని తిట్టాను. కెజియా ఒప్పుకోలేదు.

"ఆట మీద కోపం పెట్టుకోకండి మావయ్యా. ఆ తాడు కోసే చోట నేనూ ఆగిపోయాను. ఉత్త బొమ్మని తెలుసు, గీసింది నా పక్క సీటు అమ్మాయే. అయినా చెయ్యి రాలేదు. చివరికి ఇంకొకరితో నొక్కించాను. నాకు చెయ్యి రాదని నాకెలా తెలిసేది? ఆటే చెప్పింది."

ఆ మాట న్యాయమే. ఆటల మీద నా కోపం చాలావరకు ఆ రోజుతో పోయింది. అతని మీది కోపం పెరిగింది. కెజియా అక్కడ ఆగిపోయిందని తెలిశాక అతను ఆ కేకను ఇంకొంచెం పొడిగించాడట. ఆమె దాన్ని కూడా నవ్వుతూనే చెప్పింది.

ఆ తర్వాత ఒక గురువారం మా ఇంట్లో గృహప్రార్థన. తమ జీవితం గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగితే అతను లేచాడు. చిన్నప్పుడు కాలువలో ఈతకు వెళ్ళి, తమ్ముడు మునిగిపోతుంటే భయపడి పరిగెత్తుకొచ్చేశానన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదన్నాడు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. మా చెల్లెలైతే వెక్కివెక్కి ఏడ్చింది. అనసూయమ్మగారు అతని తల మీద చెయ్యి పెట్టి, "యేసయ్యా, ఈ పిల్లగాని గుండెల బరువు దించు తండ్రీ" అని బిగ్గరగా ప్రార్థన చేసింది. అతన్ని సాగనంపడానికి మెట్ల దాకా వెళ్ళాను. అక్కడ చెప్పాడు, తనకు తమ్ముడే లేడని.

"మరి ఎందుకు చెప్పావు?"

"ఎవరైనా నన్ను ఛీ అంటారేమో, బయటికి పొమ్మంటారేమో చూద్దామని. ఒక్కరూ అనలేదు. ఆశ్చర్యంగా లేదూ?"

తల వంచి నా మొహం చూశాడు. ఏమీ కనిపించనివ్వకూడదని గట్టిగా ప్రయత్నించాను. ఆ రాత్రే కెజియాకు చెప్పాను. "తప్పే మావయ్యా, నేను మాట్లాడతాను" అంది. మాట్లాడింది. ఎందుకు చెప్పకూడదో అతను ఆమె చేత అయిదారు రకాలుగా చెప్పించుకుని, శ్రద్ధగా విన్నాడట. ఆమె అతన్ని ఇష్టపడింది ఆ శ్రద్ధ చూసే. తను ఒక మాటంటే అంత కుదురుగా వినేవాళ్ళు ఆమెకు ముందెవరూ తటస్థపడలేదు. ఆ వినడం దేనికోసమో నేను చెబితే ఆమె నమ్మేది కాదు.

ఇద్దరూ పెళ్ళి అనుకున్నారు. అతని వాళ్ళది గోదావరి పక్క ఊరు. ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదనీ, పెళ్ళిరోజుకి వాళ్ళే దిగుతారనీ అన్నాడు. నాకు ఇష్టం లేదని ఒకసారి చెప్పాను. కెజియా వినలేదు. ఇరవై ఆరేళ్ళ పిల్ల, సంపాదించుకుంటోంది. రెండోసారి చెప్పలేదు.

మా గుళ్ళలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు ఆరాధనలో చదువుతారు. ఎవరికైనా ఆక్షేపణ ఉంటే చెప్పమని సంఘాన్ని అడుగుతారు. ఎవరూ చెప్పరు. ఆ కాసేపూ పిల్లలు బల్లల మీద కాళ్ళూపుతుంటారు, ఆడవాళ్ళు పెళ్ళికూతురి వైపు చూసి నవ్వుతారు. కెజియాకు రెండు ఆదివారాలు అలా గడిచాయి. మూడో ఆదివారానికి ముందురోజు, నేను పైన రాసిన శనివారం.

అనసూయమ్మగారు సకినాలు పట్టుకొచ్చింది. సుగుణ చీరలు మంచం మీద పరిచి చూపిస్తోంది. అతను వచ్చి, మామూలుగా వంటింట్లోకి ఒకసారి వెళ్ళొచ్చి, అంతకుముందెప్పుడూ కూర్చోని కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ఒక విషయం చెప్పాలి. మా ఊరి గుడిలో కూడా ఈ రెండు ఆదివారాలూ ప్రకటన చదివారు" అన్నాడు.

సుగుణ మొహం వెలిగిపోయింది. "మీ వాళ్ళు ఒప్పుకున్నారా బాబూ!"

"ఒప్పుకోవడం కాదాంటీ. అక్కడ నా పేరు పక్కన చదివింది వేరే అమ్మాయి పేరు."

"ఏమంటున్నడు?" అని అనసూయమ్మగారు నా భార్యను అడిగింది.

"మా అమ్మ చూసిన సంబంధం. కాదనలేదు. ఇక్కడా అవుననే అన్నాను. ప్రకటన అంటే ఇంకా పెళ్ళి కాదు కదా. రెండు చోట్లా సేవ్ చేసి పెట్టుకున్నాననుకోండి. రేపు రెండుచోట్లా మూడోసారి చదివేస్తారు. ఆ తర్వాత ఏది బాగుందో చూసి అటు వెళ్తాను."

ఇదంతా దాపరికం లేకుండా, కొత్త ఆట గురించి చెప్పినట్టే చెప్పాడు. తన నిజాయితీకి మేం సంతోషిస్తామని కూడా అనుకున్నాడని నాకు అనిపించింది.

కెజియా చేతిలోని చీర మడత పెట్టింది. "ఆ అమ్మాయికి నా సంగతి చెప్పావా?"

"లేదు. చెబితే ఆ దారి మూసుకుపోతుందిగా."

"నాకెందుకు చెప్పావు మరి?"

"నువ్వేమంటావో వినాలని." తల వంచాడు. ఆమె మడిచిన చీరను మంచం మీద పెట్టింది. "ఏడుస్తావనుకున్నాను. సరే, ఆ మాట కొట్టెయ్. ఇంకోలా చెబుతాను. కెజియా, ఆ సంబంధం నాకు ఇష్టం లేదు, ఇంట్లో బలవంతం చేశారు. ఇప్పుడేమంటావు?"

ఆమె అతన్ని చూస్తూ ఉంది.

"పోనీ ఇది. ఇదంతా తమాషాకి అన్నాను, వేరే అమ్మాయి లేనే లేదు. ఇప్పుడు?"

నేను లేచి నిలబడ్డాను. "వీటిలో ఏది నిజం?"

"మొదటిదే అంకుల్. మీతో అబద్ధం ఆడను. అయినా ఎవరు నష్టపోయారు చెప్పండి? ఇంకా ఏదీ జరగనే లేదు."

"జరగలేదా?" అనసూయమ్మగారు ఇంతసేపటికి అర్థం చేసుకుంది. "రెండు వారాల సంది ఈ పిల్ల పేరు నీ పేరుతోని అందరి చెవులల్ల పడ్డది. ఆడ ఇంకో పిల్ల పేరు సుత. నీకేం తక్లీఫ్ లేదయ్యా, వాళ్ళకుంటది. నీ తమ్ముడు మునిగిపోయిండని నువ్వు చెప్తే నీ నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన జూడు, నాకు బుద్ధి లేక. లే, చెప్పులేసుకో."

అతను నొచ్చుకోలేదు. పళ్ళెంలోంచి ఒక సకినం తీసి కొరికి, మిగిలిన ముక్క పళ్ళెంలోనే పెట్టి లేచాడు. "రేపు గుడిలో కలుద్దాం" అని వెళ్ళిపోయాడు.

తలుపు మూసి వచ్చేసరికి సుగుణ నా చెయ్యి పట్టుకుంది. "అన్నయ్యా, గొడవ చెయ్యకు. రేపు ఇక్కడికే వస్తానన్నాడు కదా, అంటే మొగ్గు మనవైపే. మూడోసారి కూడా అయిపోతే ఇంకెటు పోతాడు?"

"అమ్మా, నువ్వు కూడా ఆడుతున్నావా?" అంది కెజియా.

సుగుణ ఏడుస్తూ చీరలన్నీ పోగేసుకుని లోపలికి వెళ్ళింది. నేను చొక్కా వేసుకున్నాను, పాస్టరు అయ్యగారింటికి వెళ్ళి ప్రకటన ఆపించి వద్దామని. కెజియా గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మావయ్యా, మీరు చాలాకాలం సంఘపెద్దగా చేశారు కదా. మనం వద్దంటే అయ్యగారు ఏం చేస్తారు?"

"రేపు చదవరు. అంతే."

"ఎందుకని అడగరా?"

"అడగరు. ఇంటి విషయం అనుకుంటారు."

"అప్పుడు ఇతను రేపు రాత్రి రైలెక్కి ఆ ఊరు వెళ్ళిపోతాడు. ఇక్కడ దారి మూసుకుపోయింది కాబట్టి ఆ పిల్లను చేసుకుంటాడు. మనం ఫోన్ చేసి చెబితే వాళ్ళు నమ్ముతారా?"

"ఎవరో గిట్టనివాళ్ళు అనుకుంటారు."

"అదే గుడిలో, చదివినప్పుడు, లేచి ఆక్షేపణ చెబితే?"

నేను ఆలోచించి చెప్పాను. "అలా చెబితే అయ్యగారు ఊరుకోవడానికి లేదు. విచారించాలి. అక్కడి అయ్యగారికి స్వయంగా తెలియజేయాలి. గురువుగారి నుంచి గురువుగారికి వెళ్ళిన మాట ఎవరూ తీసిపారెయ్యరు. కానీ కెజియా, అందరి ముందూ చెప్పాలి. నీ పేరు మళ్ళీ అందరి నోళ్ళలో పడుతుంది. నా ఎరుకలో ఎవరూ లేవలేదు."

"అయితే చదవనివ్వండి" అంది.

"సరే. నేను లేస్తాను" అన్నాను. ఆమె అనసూయమ్మగారి చెయ్యి పట్టుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది.

మరునాటి ఉదయం ఎనిమిది గంటల ఆరాధనకు గుడికి ముందుగానే వెళ్ళి, సులువుగా లేవడానికి వీలుగా నడవ పక్కన కూర్చున్నాను. అతను వచ్చి మగవాళ్ళ వైపు నాకు ముందు బల్ల మీద కూర్చున్నాడు. వెనక్కి తిరిగి "వందనాలంకుల్" అన్నాడు. రెండో కీర్తన అయ్యాక అయ్యగారు కాగితం తీశారు. వరుడి పేరు చదివారు, వధువు పేరు చదివారు. ఇది మూడవసారి అన్నారు. ఈ వివాహమునకు ఎవరికైనా ఆక్షేపణ ఉంటే తెలియజేయవలెను అన్నారు.

ముందు బల్ల పట్టుకుని మోకాళ్ళ మీద బలం వేస్తున్నాను. అప్పటికే ఆడవాళ్ళ వైపు కదలిక వినిపించింది.

అయ్యగారు కళ్ళజోడు మీదుగా చూసి చిరునవ్వు నవ్వారు. "కూర్చో అమ్మా. పెళ్ళికూతురు లేవక్కర్లేదు."

కొందరు నవ్వారు.

"ఆక్షేపణ నాదేనండి అయ్యగారూ" అంది కెజియా. "ఇదే పేరు వాళ్ళ ఊరి గుడిలో ఇవాళ ఇంకో అమ్మాయి పేరుతో మూడోసారి చదవబోతున్నారు. ఆ అమ్మాయికి నేనున్నట్టు తెలియదు. అక్కడి అయ్యగారికి మీరు చెప్పండి. ఇప్పుడే చెప్పండి."

నవ్వులు ఆగిపోయాయి. "నిజమేనా బాబూ?" అని అయ్యగారు అడిగారు.

అతను లేచాడు. గుడి అంతా ఒకసారి కలియజూశాడు, ఒక్కో మొహమూ. "నిజమేనండి" అన్నాడు. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

అయ్యగారు కాగితం బైబిలు మీద పెట్టి, ఫోను ఉన్న పక్క గదిలోకి వెళ్ళారు. కీర్తన ఎత్తుకోమని ఎవరికీ చెప్పలేదు. ఎవరూ ఎత్తుకోలేదు. అతను కొంచెంసేపు అలాగే నిలబడ్డాడు. తన వైపు ఎవరూ చూడటం లేదని గ్రహించి పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయాడు. అతన్ని నేను చూడటం అదే ఆఖరు. సుగుణ కూతురి కొంగు లాగుతూ, "కూర్చోవే, కూర్చో" అంటోంది.

"నిలవడనియ్యమ్మా" అంది అనసూయమ్మగారు.

పక్క గదిలోంచి అయ్యగారి గొంతు వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు. ఒక పసిబిడ్డ ఏడిస్తే తల్లి బయటికి తీసుకెళ్ళలేదు, అక్కడే ఊరుకోబెట్టింది. కెజియా ముందు బల్ల అంచు పట్టుకుని ఆ గది తలుపు వైపే చూస్తూ నిలబడి ఉంది.

అయ్యగారు తిరిగొచ్చి, వేదిక ఎక్కకుండా కిందే ఆగి, ఆమెతోనే చెప్పారు.

"అక్కడి అయ్యగారికి చెప్పాను. వాళ్ళకి ఆరాధన తొమ్మిదిన్నరకటమ్మా. ఇంకా గంట కొట్టలేదు."

కెజియా కూర్చుంది.